ఫోన్ లిస్టు నుంచి మొదలుపెట్టండి

నా ఉద్యోగంలో 17 ఏళ్లు దేశస్థాయి విపత్తు కంట్రోల్ రూమ్‌లోనే గడిచాయి. కొత్తగా అలాంటి కుర్చీలో కూర్చోబోయేవాళ్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు, 'ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?' అని. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ముందు నా మొదటి ఏడాది సంగతి ఒకటి.

రాత్రి 2:40కి నది గేజి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. నీళ్లు ప్రమాద గుర్తు దాటాయి, ఇంకా పెరుగుతున్నాయి అని. నా టేబుల్ మీద విపత్తు ప్రణాళిక ఉంది. 200 పేజీల పైమాటే, మంచి అట్ట, దాని మీద మెరిసే అక్షరాలు. వరద వస్తే ముగ్గురికి చెప్పాలని అందులో రాసి ఉంది. మొదటి నంబరుకు చేస్తే, ఎత్తినాయన తను బదిలీ అయి 8 నెలలైందన్నాడు. రెండోది ఆఫీసు ల్యాండ్‌లైన్, రాత్రిపూట మోగుతూనే ఉంటుంది తప్ప ఎత్తే మనిషి ఉండడు. మూడో ఆయన ఎత్తాడు. పాపం, శ్రద్ధగానే విన్నాడు. అంతా విని, 'ఇది మా శాఖ కిందికి రాదేమోనండీ, పొద్దున ఒక నోట్ పెట్టండి' అన్నాడు. సరైన మనిషి దొరికేసరికి 50 నిమిషాలు పోయాయి. ఆ రాత్రి నీళ్లు వాటంతటవే తగ్గబట్టి సరిపోయింది.

మర్నాడు నేను చేసిన మొదటి పని ఆ పుస్తకంలో ఉన్న నంబర్లన్నిటికీ వరసగా ఫోన్ చేయడం. మూడింట ఒక వంతు పనిచేయలేదు. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. లిస్టులో ముందు పదవి రాయండి, పక్కన ఇప్పుడు ఆ పదవిలో ఉన్న మనిషి పేరు, ఆ మనిషి దొరక్కపోతే ఎవరు, ఆ మనిషీ దొరక్కపోతే ఎవరు. ప్రతి ఒక్కరికీ కనీసం రెండు రకాల మార్గాలు ఉండాలి. మొబైల్ టవర్లు పడిపోయిన రోజున మొబైల్ నంబర్లు మూడు ఉన్నా ఒకటే లెక్క. శాటిలైట్ ఫోనో, వైర్‌లెస్ సెట్టో ఉండాలి, దాన్ని వాడటం వచ్చిన మనిషి ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. నెలకోసారి, చెప్పకుండా, రాత్రిపూట ఆ నంబర్లకు ఫోన్ చేయండి. తిట్టుకుంటారు. నన్నూ చాలామంది తిట్టుకున్నారు, ఒకాయనైతే పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. ఆయన పేరు కింద 'రాత్రి ఫోన్ ఎత్తుతారు' అని నేను లిస్టులో రాసుకున్నాను.

ఏం రావచ్చో కాదు, ఏం ఆగిపోవచ్చో రాయండి

తర్వాతి పని ముప్పుల పట్టిక. చాలా దేశాలు దీన్ని తయారుచేస్తాయి. బ్రిటన్ అయితే 2008 నుంచి తన జాతీయ రిస్క్ రిజిస్టర్‌ను జనం చదువుకునేలా బయటపెడుతోంది. పద్ధతి తేలికే. ఒక్కో ముప్పు వచ్చే అవకాశం ఎంత, వస్తే నష్టం ఎంత అని రెండు కొలతలు వేసి, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టడం. పై మూలన పడిన చుక్కల మీద ముందు పనిచేస్తారు.

దీనిలో ఒక బోను ఉంది. మనుషులం కదా, మొన్న వచ్చినదాన్నే మళ్లీ వస్తుందనుకుంటాం. బ్రిటన్ మహమ్మారి అంటే ఫ్లూయే అనుకుని ఏళ్ల తరబడి సిద్ధపడింది. వచ్చింది కోవిడ్. తప్పుడు మహమ్మారికి సిద్ధమయ్యామని అక్కడి విచారణ కమిషనే 2024 జులైలో తన మొదటి నివేదికలో తేల్చింది. అందులో రాసింది ఎవరో చేతకానివాళ్ల గురించి అనుకోకండి. ప్రపంచంలోనే బాగా సిద్ధంగా ఉన్న దేశాల్లో ఒకటని పేరున్న వ్యవస్థ అది.

అందుకే నేను పట్టికకు రెండో వైపు ఇంకో పట్టిక వేయించేవాడిని. దానిలో తుపాను, భూకంపం, సైబర్ దాడి లాంటి పేర్లు ఉండవు. 'దేశంలో సగానికి 3 రోజులు కరెంటు లేదు', 'బ్యాంకుల నుంచి డబ్బు తీయడం కుదరదు', 'ఆస్పత్రుల్లో మంచాలు నిండిపోయాయి', 'ఉద్యోగుల్లో మూడో వంతు పనికి రాలేరు', 'పెద్ద రేవు మూతపడింది' అని ఉంటాయి. కారణం ఏదైనా కావచ్చు. కరెంటు పోవడానికి కారణాలు పది ఉన్నా, కరెంటు లేని ఆస్పత్రికి కావాల్సింది డీజిలే. ఈ పట్టిక వేసే గదిలో ఆర్థిక శాఖ మనిషి తప్పకుండా ఉండాలి. లేకపోతే మీరు రాసుకున్నవన్నీ తర్వాత ఆయన దగ్గరికే వెళ్లి ఆగుతాయి.

ఒకదాని మీద ఒకటి పడే సందర్భం కూడా ఒక్కటైనా రాయండి. 2011 మార్చి 11న జపాన్‌లో 9.0 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ, దాని వెనకే ఫుకుషిమా అణు ప్రమాదం. మూడింటికీ వేర్వేరుగా సిద్ధపడిన దేశమే అది.

ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు

నా 17 ఏళ్లలో సామాన్లు లేక ఆలస్యమైన సందర్భాలు చాలా తక్కువ. 'పైనుంచి మాట రానీ' అని కూర్చోవడం వల్ల ఆలస్యమైనవే ఎక్కువ. కాబట్టి ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

2010 ఫిబ్రవరి 27న చిలీ తీరంలో తెల్లవారుజామున 8.8 తీవ్రతతో భూమి కంపించింది. సునామీ హెచ్చరిక ఇవ్వాల్సింది నౌకాదళ విభాగం, దాన్ని జనానికి చేర్చాల్సింది అత్యవసర కార్యాలయం. ఫోన్లు సరిగ్గా పనిచేయలేదు. ఉందో లేదో అన్నట్టు సందేశాలు అటూ ఇటూ తిరిగాయి. హెచ్చరిక ఇచ్చి, దాన్ని మళ్లీ ఎత్తేశారు. దేశాధ్యక్షురాలు రేడియోలో సునామీ భయం లేదన్నట్టు మాట్లాడారు. ఆ తర్వాత కూడా అలలు వచ్చాయి. సునామీకే 150 మందికి పైగా చనిపోయారు. భూకంపం వచ్చిన వెంటనే ఎవరినీ అడక్కుండా గుట్టలెక్కిన మత్స్యకారుల కుటుంబాలు బతికాయి.

1995 జనవరిలో జపాన్‌లోని కోబె భూకంపం ఇంకో రకం పాఠం. ఉదయం 5:46కి వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం సైన్యాన్ని దింపాలంటే ఆ ప్రాంత గవర్నర్ అడగాలి. ఆ విన్నపం చేరేసరికి 4 గంటలకు పైగా గడిచాయి. శిథిలాల కింద ఉన్న మనిషికి నాలుగు గంటలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మొత్తం 6,400 మందికి పైగా పోయారు. తర్వాత ఆ నిబంధనలు సడలించారు.

మీరు చేయాల్సింది ఇది. ప్రతి ముప్పుకూ ఒక గీత గీయండి. నీటిమట్టం ఇంత దాటితే, గాలి వేగం ఇంత చేరితే, ఒకే రకం జ్వరం కేసులు ఒక వారంలో ఇన్ని వస్తే. ఆ గీత దాటగానే ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం చివర 'పై అధికారి అనుమతితో' అన్న మాట ఉంటే కొట్టేయండి. డ్యూటీలో ఉన్న మనిషే నిర్ణయం తీసుకోవాలి, ఆ తర్వాతే పైకి చెప్పాలి. ఈ కాగితం మీద దేశ పాలన చూసే పెద్ద మనిషి సంతకం ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే తీసుకోండి. తుపాను కన్ను రాడార్‌లో కనిపించాక ఎవరూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టరు.

దానితోపాటు ఇంకో కాగితం కావాలి, ఎక్కువమంది దీన్ని మరిచిపోతారు. నిజాయితీగా, గీత చూసి హెచ్చరిక ఇచ్చి, చివరికి ఏమీ రాకపోతే ఆ అధికారి మీద చర్య ఉండదని రాసిన కాగితం. మా దగ్గర ఒక కుర్రాడు లక్షమందిని ఖాళీ చేయించాడు, తుపాను పక్కకు తిరిగిపోయింది. పత్రికల్లో ఎగతాళి చేశారు. మరుసటి సంవత్సరం అతని స్థానంలో ఉన్న మనిషి 6 గంటలు ఆగి చూశాడు. ఎందుకాగావని నేను అడగలేదు, నాకు తెలుసు.

తప్పుడు హెచ్చరికను వెనక్కి తీసుకోవడం కూడా ఒక నిర్ణయమే. 2018 జనవరి 13న హవాయిలో జనం ఫోన్లకు క్షిపణి దాడి హెచ్చరిక పోయింది. పొరపాటున. దాన్ని సరిదిద్దే సందేశం అదే ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. అలాంటి సందేశం ముందుగా రాసి పెట్టుకోలేదు, ఎవరు పంపాలన్నదీ తేల్చుకోలేదు. గవర్నర్‌కు రెండు నిమిషాల్లోనే సంగతి తెలిసినా ట్వీట్ చేయడానికి పావుగంట పట్టింది. లాగిన్ గుర్తులేదట. నవ్వుకోకండి, ముందు మీ కంట్రోల్ రూమ్ అధికారిక ఖాతా పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో చూడండి.

డ్రిల్ చెడిపోవాలి

మాక్ డ్రిల్ బాగా జరిగిందని మంత్రిగారు అభినందించారంటే ఆ రోజు వృథా అయినట్టే. డ్రిల్ పెట్టేది ఏది విరుగుతుందో చూడటానికి. మొదటి గంటలోనే ముఖ్యమైన మనిషిని 'మీరు విమానంలో ఉన్నారు, దొరకరు' అని గది బయట కూర్చోబెట్టండి. రెండో గంటలో ఇంటర్నెట్ తీసేయండి. ఒకసారి మేం నిజంగానే కరెంటు మెయిన్ ఆపేశాం. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, జనరేటర్ గదికి తాళం ఉంది. తాళంచెవి సెలవులో వెళ్లిన మనిషి జేబులో, ఆయన ఊళ్లో లేడు. చీకట్లో 40 నిమిషాలు కూర్చున్నాం. ఆ రోజు మేం నేర్చుకున్నంత ఏ సెమినార్‌లోనూ నేర్చుకోలేదు.

డ్రిల్‌లో బయటపడినదాన్ని సరిచేయకపోతే మాత్రం డ్రిల్ పెట్టకపోవడమే మేలు. తెలిసి వదిలేశారన్న మాట మిగులుతుంది. అమెరికాలో 2004 జులైలో న్యూ ఆర్లియన్స్‌ మీదికి పెద్ద హరికేన్ వచ్చినట్టు ఊహించి 'హరికేన్ పామ్' అనే కసరత్తు చేశారు. సొంత వాహనం లేనివాళ్లు వేల సంఖ్యలో ఊళ్లోనే చిక్కుకుపోతారని అందులో తేలింది. వాళ్లను ఎలా తరలించాలన్నది పూర్తిగా తేలకముందే, 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చేసింది. బ్రిటన్‌లో 2016 అక్టోబరులో ఫ్లూ మహమ్మారి మీద 'సిగ్నస్' అనే డ్రిల్ జరిగింది. ఉన్న సన్నద్ధత చాలదని నివేదిక చెప్పింది. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టింది 2020లో, కోవిడ్ వచ్చాక.

నేను వాడిన పద్ధతి చెబుతాను. డ్రిల్ అయిపోయిన సాయంత్రమే, అందరూ ఇళ్లకు పోకముందే, చెడిపోయినవి రాయిస్తాను. ఒక్కోదాని పక్కన ఒకే ఒక్క మనిషి పేరు, ఒక తేదీ. శాఖ పేరు రాస్తే ఒప్పుకోను, శాఖలు ఫోన్ ఎత్తవు. ఆర్నెల్లకు అదే కాగితం పట్టుకుని తిరుగుతాను.

ఇక జనం కూడా పాల్గొనే డ్రిల్‌లు. మెక్సికోలో 1985 సెప్టెంబరు 19 భూకంపం గుర్తుగా ఏటా అదే రోజున డ్రిల్ చేస్తారు. 2017లో ఉదయం 11 గంటలకు డ్రిల్ అయింది, మధ్యాహ్నం 1:14కి నిజంగానే 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సంవత్సరంలో ఒక రోజును అలా కేటాయించడం మంచి అలవాటు. జపాన్‌కు సెప్టెంబరు 1 ఉంది, 1923 నాటి కాంతో భూకంపం రోజు. స్వీడన్ ఇంకో దారి పట్టింది. సంక్షోభమో యుద్ధమో వస్తే ఇంట్లో ఏం ఉంచుకోవాలో, ప్రభుత్వం మాట ఎక్కడ వినాలో చెబుతూ 2018లో ప్రతి ఇంటికీ ఒక చిన్న పుస్తకం పంపింది. 2024లో దాన్ని తిరగరాసి మళ్లీ పంపింది.

రెండో గది, నిల్వలు

కంట్రోల్ రూమ్ కూడా ముంపులోనే ఉండొచ్చు. న్యూయార్క్ నగరం తన అత్యవసర కేంద్రాన్ని వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఆవరణలోనే, 7వ నంబరు భవనం 23వ అంతస్తులో పెట్టుకుంది. 2001 సెప్టెంబరు 11న దాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది, సాయంత్రానికి భవనమే కూలిపోయింది. మర్నాడు జరగాల్సిన ఒక డ్రిల్ కోసం నది ఒడ్డున ఒక రేవు షెడ్డును సిద్ధం చేసి ఉంచారు కాబట్టి అక్కడికి మారగలిగారు. ఫుకుషిమాలో అత్యవసర కేంద్రం అణుకేంద్రానికి 5 కిలోమీటర్ల దూరంలోనే ఉండేది. సరిగ్గా అవసరమైన రోజున రేడియేషన్ వల్ల దాన్ని వదిలేయాల్సి వచ్చింది. రెండో గది మొదటిదానికి దూరంగా, వేరే కరెంటు లైను మీద, వేరే నది పరీవాహకంలో ఉండాలి. ఏడాదికి ఒక వారం పని మొత్తం అక్కడి నుంచే చేయండి. అప్పుడే తెలుస్తుంది ప్రింటర్ లేదని.

నిల్వల గురించి ఒక్క మాట. సరుకు కదలాలి. గోడౌన్‌లో పెట్టి తాళం వేస్తే అది మెల్లగా చెత్త అవుతుంది. అమెరికా జాతీయ నిల్వల నుంచి 2009 స్వైన్ ఫ్లూ అప్పుడు మాస్కులు తీసి పంచారు, తర్వాత ఆ లోటు పూడ్చలేదు. 2020లో వెతుక్కున్నారు. ఫిన్లాండ్‌కు దీని కోసం ప్రత్యేక సంస్థే ఉంది. ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయి చుట్టుపక్కల దేశాలు గోడౌన్లు ఖాళీ చేసుకున్నా వాళ్లు ఇంధనం, ధాన్యం, మందులు దాస్తూనే ఉన్నారు. పాత సరుకును రోజువారీ వాడకంలోకి వదిలి, దాని స్థానంలో కొత్తది పెట్టించే ఒప్పందం ఆస్పత్రులతో చేసుకుంటే సగం సమస్య తీరుతుంది. రెండో సగం డబ్బు. మొదటి 72 గంటల్లో టెండరు లేకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో, ఎవరు పెట్టొచ్చో ముందే ఉత్తర్వు ఉండాలి.

ఆ రోజు వచ్చాక

మొదటి గంటలో గదిలోకి చాలామంది వస్తారు. సగం మందికి అక్కడ పని ఉండదు. తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టండి, మర్యాదగా మాట్లాడేవాడై ఉండాలి, కానీ కదలకూడదు.

ఒక లాగ్ బుక్ తెరవండి. కంప్యూటర్ ఉన్నా సరే, కాగితం పుస్తకమే. ఎన్నింటికి, ఎవరు, ఏం చెప్పారు, మనం ఏం నిర్ణయించాం. నేనైతే పేజీకి మధ్యలో గీత గీసి ఎడమ పక్క 'తెలిసింది', కుడి పక్క 'అనుకుంటున్నది' అని రాయించేవాడిని. రాత్రి మూడింటికి ఈ రెండూ కలిసిపోతాయి. 'వంతెన పోయిందట' అన్న మాట మూడు నోళ్లు మారేసరికి 'వంతెన పోయింది' అవుతుంది, ఆ మాట నమ్మి లారీలను వంద కిలోమీటర్లు చుట్టు తిప్పుతారు. నాకు అలా ఒకసారి జరిగింది. వంతెన మీద పశువులు కూడా నడుస్తున్నాయి.

ఎవరి కింద ఎవరు అన్నది కాగితం మీద పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. కాలిఫోర్నియాలో 1970లో పెద్ద కార్చిచ్చులు వచ్చినప్పుడు వేర్వేరు అగ్నిమాపక దళాలు ఒకరి రేడియో ఒకరికి వినపడక, ఒకే వస్తువును తలో పేరుతో పిలిచి నానా తిప్పలు పడ్డాయి. దాని నుంచి పుట్టినదే ఇప్పుడు చాలా దేశాలు వాడుతున్న ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్. దానిలో నాకు బాగా నచ్చిన నియమం, ఒక మనిషి కింద నేరుగా పనిచేసేవాళ్లు ఐదుగురికి అటూఇటూగా ఉండాలి, ఏడుగురు దాటకూడదు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు ఇది ఒప్పుకోవడం కష్టం, ఇరవై మంది తమకే ఫోన్ చేయాలనుకుంటారు.

మౌనాన్ని గమనించండి. ఎక్కువ ఫోన్లు వచ్చే జిల్లాకే ముందు సాయం పంపాలనిపిస్తుంది. ఫోన్ చేయగలిగారంటే అక్కడ టవర్ నిలబడి ఉంది, మనిషి నిలబడి ఉన్నాడు. మ్యాప్ మీద మాట రాని చోట్లకు ఎర్ర పిన్ను గుచ్చండి, ముందు అక్కడికి హెలికాప్టరో, మోటార్ సైకిలో పంపండి. మొదటి రోజు వచ్చే మృతుల లెక్క ఎప్పుడూ తప్పే, అది పట్టుకుని 'పెద్దగా ఏం కాలేదు' అనుకోకండి.

పరిస్థితి నివేదిక చెప్పిన వేళకు వెళ్లాలి, కొత్త విషయం లేకపోయినా సరే. ఉదయం 6కి, సాయంత్రం 6కి అన్నారంటే అంతే. వేళ తప్పితే ప్రతి శాఖా విడివిడిగా ఫోన్ చేయడం మొదలుపెడుతుంది, పనిచేసేవాళ్లు జవాబులు చెప్పుకుంటూ కూర్చుంటారు. షిఫ్టు 12 గంటలు. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లతో అరగంట కలిసి కూర్చోవాలి. అందరికన్నా ముందు నిద్రకు పంపాల్సింది పెద్ద అధికారిని. 30 గంటలు మేలుకున్న మనిషి తీసుకున్న నిర్ణయాలను మర్నాడు ఆ మనిషే గుర్తుపట్టలేడు. నా పై అధికారిని ఒకసారి కారెక్కించి ఇంటికి పంపి, డ్రైవరుతో 'సార్ వెనక్కి తిప్పమన్నా తిప్పొద్దు' అని చెప్పాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

ఇల్లు వదలమంటే జనం ఎందుకు వదలరు

కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు దీని మీద చాలా కోపం. 'చెప్పాం, వినలేదు' అంటారు. నాకూ అదే కోపం ఉండేది, ఒక తుపాను తర్వాత శిబిరాల్లో తిరిగేవరకు.

బంగ్లాదేశ్‌ను చూడండి. 1970 నవంబరు తుపానులో, అప్పటికి అది తూర్పు పాకిస్తాన్, 3 లక్షలకు పైగా మనుషులు పోయారు. 1972లో ప్రభుత్వం, రెడ్‌క్రాస్ కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. ఊరి మనుషులే వాలంటీర్లు. జెండాలు ఎగరేస్తారు, మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఇంత ఉన్నా 1991 తుపానులో 1 లక్షా 38 వేల మంది దాకా చనిపోయారు. మగవాళ్లకన్నా ఆడవాళ్లు చాలా ఎక్కువమంది. ఎందుకని ఆరా తీస్తే, హెచ్చరిక ఎక్కువగా మగవాళ్ల చెవిన పడింది. భర్త ఇంట్లో లేకుండా ఇల్లు వదలడానికి ఆడవాళ్లు వెనకాడారు. షెల్టర్‌లో పరాయి మగవాళ్లతో ఒకే గదిలో, మరుగుదొడ్డి లేకుండా ఎలా అని ఆగిపోయారు. గొడ్డూగోదా వదిలి రాలేనివాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత కట్టిన షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే గదులు, పశువులకు చోటు పెట్టారు. వాలంటీర్లు ఇప్పుడు 70 వేలకు పైగా, అందులో దాదాపు సగం మంది మహిళలు. 2007లో వచ్చిన సిడర్ కూడా భీకరమైన తుపానే, మృతుల లెక్క 3,400 దగ్గర ఆగింది. ఒడిశాలోనూ ఇలాంటి కథే. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు, 2013 ఫైలిన్ తుపాను అప్పుడు సుమారు 10 లక్షల మందిని ముందే తరలిస్తే మృతులు 50 లోపే.

కాబట్టి హెచ్చరిక రాసేటప్పుడు గాలి వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లు అని మొదలుపెట్టకండి. ఏ ఊళ్లు, ఎన్ని గంటలలోపు, ఎక్కడికి వెళ్లాలి, ఏం తెచ్చుకోవాలి, పశువులను ఏం చేయాలి. ఇది చాలు. ఆ మాటను తెలిసిన మనిషి నోట చెప్పించండి, టీచరో, నర్సో, ఊళ్లో దుకాణం మనిషో. వదిలొచ్చిన ఇంటికి కాపలా ఉంటుందని కూడా చెప్పండి, నిజంగా కాపలా పెట్టండి. దొంగల భయంతో ఆగిపోయినవాళ్లను నేను కళ్లారా చూశాను.

మీడియా ముందు ఒకే గొంతు ఉండాలి. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి, మళ్లీ ఎన్నింటికి మాట్లాడతారో చెప్పి ఆ వేళకు రండి. దాచడం మాత్రం వద్దు. దక్షిణ కొరియాలో 2015లో మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి వచ్చినప్పుడు, భయం వ్యాపిస్తుందని రోగులున్న ఆస్పత్రుల పేర్లు రెండు వారాలకు పైగా చెప్పలేదు. వ్యాధి ఆస్పత్రి నుంచి ఆస్పత్రికే వ్యాపించింది. 186 మందికి సోకి 38 మంది చనిపోయారు. దాని తర్వాత వాళ్లు చట్టాలు మార్చుకున్నారు. సంక్షోభంలో పరీక్ష కిట్లకు వేగంగా అనుమతిచ్చే వీలు పెట్టుకున్నారు. కోవిడ్ వచ్చాక 2020 ఫిబ్రవరి 4కే మొదటి కిట్టుకు అనుమతి ఇచ్చారు.

నీళ్లు తగ్గాక

డబ్బు దొరికే కాలం చాలా చిన్నది. 1953 ఫిబ్రవరి 1న ఉత్తర సముద్రం పొంగి నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. 3 వారాలలోపే డెల్టా కమిషన్ వేశారు, ఆ ఊపులోనే సముద్రపు పోటును ఆపే కట్టలు, గేట్ల పెద్ద పనులు తలకెత్తుకున్నారు. చివరి పెద్ద గేటు 1997లో పూర్తయింది. 44 ఏళ్లు. టీవీల్లో నీళ్లు కనిపిస్తున్నప్పుడే అడిగి రాయించుకోవాలి, ఆర్నెల్లు పోతే ఫైలు కింద ఫైలు చేరుతుంది.

కంట్రోల్ రూమ్ మూసేసిన 48 గంటల్లోపు అందరినీ, టీ అందించిన కుర్రాడితో సహా, ఒకసారి కూర్చోబెట్టండి. ఎవరిది తప్పు అని అడగొద్దు, ఎక్కడ ఆగాం అని అడగండి. నేను విన్న మంచి జవాబు ఒకటి టీ కుర్రాడిదే. 'రాత్రి రెండింటికి మీరు వెతికిన ఆ పెద్దాయన కింద క్యాంటీన్‌లోనే ఉన్నారు సార్, నన్నెవరూ అడగలేదు' అన్నాడు.

ఆ మీటింగ్ అయిపోగానే ఫోన్ లిస్టు తీయండి. సంక్షోభం అయ్యాక బదిలీలు వస్తాయి, బాగా చేసినవాళ్లకు పైకి, చేయనివాళ్లకు పక్కకు. నేను చూసిన పెద్ద వరద తర్వాత మూడు వారాలకు ఫోన్ చేస్తే, మొదటి పది నంబర్లలో నాలుగు మారిపోయి ఉన్నాయి.